అస్లీ ఎవరు? నఖ్లీ ఎవరు?

పాతబస్తీలో చైనాను వెతకడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. పొద్దుగూకినాక చార్మినార్ నుంచి షాలిబండ వైపు నడిస్తే చాలు. ఎర్ర బండి, దానిమీద డ్రాగన్ బొమ్మ, పక్కన ‘షెజ్వాన్’ అని ఒక్కో బండి మీద ఒక్కో తీరు స్పెల్లింగు, కింద పచ్చరంగులో ‘హలాల్’. మూకుడు అంచు దాటి మంట లేస్తుంది. ఎండుమిర్చి, వెల్లుల్లి, వెనిగర్ కలిసిన ఘాటుకు దారిన పోయేవాళ్ళు తుముతారు. మేము దోస్తులం చేరేది అక్కడే. మాలో నమాజు తప్పనివాడున్నాడు, జుమ్మాకు కూడా బద్ధకించేవాడున్నాడు, లాల్‌దర్వాజ బోనాల్లో పుట్టి పెరిగినవాడున్నాడు, దేవుడే లేడనే కామ్రేడున్నాడు. తింటూ కొట్లాడుకోవడం మా అలవాటు.

ఈ కొట్లాట మాత్రం తిండి మీదే వచ్చింది. మాలో ఒకడు వ్యాపారం పనిమీద సిచువాన్ రాజధాని చెంగ్డూలో కొన్నాళ్ళుండి వచ్చాడు. ప్లేటు ముందు పెట్టుకుని, “యే అస్లీ నై మియా” అన్నాడు. అతని మాట అబద్ధం కాదు. అక్కడి రుచికి ‘మా-లా’ అని పేరు. ‘మా’ అంటే తిమ్మిరి, ‘లా’ అంటే కారం. నాలుకను తిమ్మిరెక్కించే ఒక రకం మిరియం లేకుండా అక్కడ సగం వంట లేదు. పీషియాన్ అనే ఊళ్ళో గింజలూ మిరపా కలిపి జాడీల్లో నెలల తరబడి పులియబెట్టిన ముద్ద లేకుండా మిగతా సగం లేదు. మా బండిలో ఈ రెండూ లేవు. ఉన్నది మిర్చి వెల్లుల్లి చట్నీ, సోయా సాసు. ఇక మంచూరియా సంగతి సరేసరి. అది మంచూరియాలో ఎవరూ ఎరగరు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చీనా వంటవాడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో దాన్ని పుట్టించాడని చెప్తారు.

అయితే మేము తిన్నది నఖ్లీయేనా? ఒప్పుకుందాం అనుకునేసరికి కామ్రేడ్ అడ్డుపడ్డాడు. ఆ చెంగ్డూ అస్లీతనం వయసెంతో అడగమన్నాడు.

అడగాల్సిందే. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. చైనాలో దాని మొదటి ప్రస్తావన 1591లో, గావ్ లియాన్ పుస్తకంలో కనిపిస్తుంది, అదీ చూడముచ్చటైన మొక్కగానే. పదిహేడో శతాబ్దపు యుద్ధాల్లో సిచువాన్ జనం లేక పాడుబడిపోతే, ఛింగ్ రాజులు హునాన్, హుబే, ఇంకా చుట్టుపక్కల సీమల నుంచి లక్షల మందిని పిలిపించి నాటారు. ఇవాళ ప్రపంచమంతా ‘అస్లీ’ అని లొట్టలేసే ఆ వంట, అట్లా వలసొచ్చినవాళ్ళు తమ జాడీలూ అలవాట్లూ వెంట తెచ్చుకుని, పరాయి మిరపను పెరట్లో వేసుకుని చేసుకున్నది. మన గుంటూరు కారం మాత్రం ఎక్కడిది? పోర్చుగీసు ఓడల్లో వచ్చిన గింజే. హలీమ్ సంగతీ అంతే. నిజాం ఫౌజులో చేరిన యెమెన్ అరబ్బులు తినే హరీస్ దాని మూలం. వాళ్ళుండిన బ్యారక్‌లే నేటి బార్కస్. ఆ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు దొరికింది. ఇది హైదరాబాదుదేనని సర్కారు ముద్ర వేసిన కాగితం! 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు, ఆ హలీమ్ వండే ఇళ్ళల్లోనే ముసలమ్మలు సందూకులు తెరిచి తాతల కాగితాల కోసం వెతికారు.

వంటకాన్ని అస్లీయా అని అడిగితే కొట్లాట ప్లేటుతో పోతుంది. మనిషిని అడిగితే పోదు. మెనూలో ‘హక్కా నూడుల్స్’ అని చదువుతాం. హక్కా అంటే అతిథి కుటుంబాలని అర్థం. చైనాలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి వలసపోయినందుకు పడ్డ పేరది. వాళ్ళలో కొందరు కలకత్తా చేరి, టాంగ్రాలో తోళ్ళు శుద్ధి చేసి, మన నాలుకకు తగినట్టు వండిపెట్టారు. 1962లో యుద్ధం రాగానే సుమారు 3000 మంది చీనా మూలాలవాళ్ళను, ఇక్కడే పుట్టిన పిల్లలతో సహా, రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో నిర్బంధించారు. వాళ్ళు చేసిన నేరం మొహం. 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ జరిగినప్పుడు ఒక కేంద్రమంత్రి చైనా తిండి అమ్మే హోటళ్ళను నిషేధించాలన్నారు. ఆ నిషేధంలో ఎవరి పొయ్యి ఆరుతుంది? మా పాతబస్తీ బండి మాస్టరుది. చెంగ్డూలో ఎవరికీ సెగ తగలదు.

ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. “మీరు అసలు ఎక్కడివాళ్ళు?” అంటారు. “మీ తెలుగు బాగుందండీ” అంటారు, మెచ్చుకున్నామనే అనుకుంటారు. దీనికి మన లౌకిక మిత్రులిచ్చే జవాబు ఒకటుంది: అంతా కలగలుపే కదా, గంగా-జమునీ తెహజీబ్ కదా, బిర్యానీ చూడండి అని. ఆ ప్రేమకు షుక్రియా. కానీ బిర్యానీ మెచ్చుకున్న నోరే ఇల్లు అద్దెకు అడిగితే పేరు విని “ఇప్పుడే ఇచ్చేశాం” అంటుంది. పైగా కలిసిపోయాం గనక మేము ఇక్కడివాళ్ళం అనడం కూడా ఒక పరీక్షకు కూర్చోవడమే. ఎవరితోనూ కలవనివాడు, తన వంట తాను వండుకు తినేవాడు, పక్కింటి భాష రానివాడు ఉంటాడు. వాడికి ఈ నేల మీద హక్కు లేదా? రుచి పంచినందుకు దొరికే చోటైతే, రుచి మారిన రోజున పోతుంది.

అలాగని అస్లీ-నఖ్లీ అన్న తేడాయే లేదంటామా? అనం. బండి మీద ఆ పచ్చరంగు హలాల్ ఉంది చూశారా, అక్కడ మేము రాజీపడం. అది కోడి పుట్టిన ఊరు గురించి చెప్పే మాట కాదు. ఏ తీరున కోశారో తినేవాడికి వండేవాడు ఇచ్చిన జబాన్. అది తప్పితే దగా. ‘షెజ్వాన్’ అని రాసినవాడు చెంగ్డూ నుంచి తెచ్చానని ఎవరికీ మాటివ్వలేదు. తినేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. మాటిచ్చినవాణ్ణి నిజం అడగొచ్చు. పుట్టుకను నిజమా అని అడగడానికి పుట్టుక ఎవరికి మాటిచ్చింది?

చైనాలో ముస్లింల హోటళ్ళ మీద హలాల్‌కు ‘చింగ్‌జెన్’ అని రాస్తారు. నిర్మలం, నిజం అని ఆ రెండక్షరాల అర్థం. పక్కనే అరబ్బీలోనూ రాసుకునేవాళ్ళు. 2019లో బీజింగ్‌లో అధికారులు ఆ అరబ్బీ అక్షరాలను తీయించారు. ఇక్కడ చీనావాడి మొహం పరాయిదైతే అక్కడ ముస్లిం రాత పరాయిదైంది.

ఈ తరాజు మా ఇళ్ళల్లోనూ ఉందని చెప్పకపోతే మాట సగమే. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలను మా ఉర్దూ ఖాన్‌దాన్‌లు ఎన్నడు సమానంగా చూశాయి? పిల్లనిచ్చే మాట వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. “వాళ్ళు ముసల్మాన్లే కానీ...” అంటారు. ఆ ‘కానీ’లోనే ఉంది అంతా. ఇప్పుడు పల్లెలకు పోయి పీర్ల చావిడి ముందు నిలబడి, మొహర్రానికి పీర్లు లేపే సాయిబుతో “నీది అస్లీ ఇస్లాం కాదు” అని చెప్పే పెద్దమనుషులూ తయారయ్యారు. చాలా ఊళ్ళల్లో పీర్లెత్తే చేతుల్లో హిందువులవి కూడా ఉంటాయి. వాళ్ళనేం అడుగుతారో మరి.