పుచ్చు ఎవరి గుణం?

రాయలసీమ ఇళ్ళలో గింజను తొలిచే పురుగులన్నిటి పనికీ కలిపి ఒకటే మాట: పుచ్చు. జొన్నలు పుచ్చుతాయి, అలసందలు పుచ్చుతాయి, కర్నూలు వైపు బుడ్డలు, కడప వైపు చెనిక్కాయలు పుచ్చుతాయి. పళ్ళూ పుచ్చుతాయి, వంకాయలూ పుచ్చుతాయి. పురుగు ఎవరన్నది ఈ మాటకు పట్టదు, ఎంత పాడైందన్నదే లెక్క. కీటకశాస్త్రం సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తుంది. దానికి మన నష్టంతో పనిలేదు. ఏది దేనికి చుట్టం, ఏది దేని నుంచి పుట్టింది అన్నదే దానికి కావాలి. ఈ రెండు లెక్కల్లో ఏది నిజం? ఒకదాని మాటను ఇంకోదానిలోకి తోస్తే ఏమవుతుంది?

ముందు శాస్త్రం సంగతి చూద్దాం. ముక్కుపురుగులు పెంకుపురుగుల్లో ఒక పెద్ద శాఖ. కర్క్యులియోనిడే అనే ఒక్క కుటుంబంలోనే 50 వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టారు. తల ముందుకు సాగి తొండంలా ఉంటుంది, నోరు దాని కొసన ఉంటుంది. అంటే మనం ముక్కు అంటున్నది నిజానికి మూతి. మోచేతిలా వంగిన మీసాలు దానికి అటొకటి, ఇటొకటి. జొన్నల్లో, బియ్యంలో కనబడే 3 మిల్లీమీటర్ల పురుగు పేరు సైటోఫిలస్ ఒరైజే. ఆడపురుగు ఆ తొండంతో గింజకు బెజ్జం చేసి, గుడ్డు పెట్టి, జిగురుతో పూడ్చేస్తుంది. పైకి గింజ నిక్షేపంగా ఉంటుంది. లోపల కాళ్ళు లేని తెల్లటి పిల్ల గింజను తింటూ పెరిగి, పెంకుపురుగై, తొలుచుకుని బయటికొస్తుంది. ఎండాకాలంలో ఇదంతా దాదాపు నెల రోజుల పని.

అలసందల్లో, పెసల్లో ఉండే పుచ్చుపురుగు మాత్రం అసలు ముక్కుపురుగే కాదు. దానికి తొండం లేదు. గుడ్డును గింజ పైనే తెల్లచుక్కలా అంటిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని కూడా వీవిల్ అనే పిలిచారు. శాస్త్రం చాలాకాలం దానికి విడి కుటుంబం ఇచ్చి, ఇప్పుడు ఆకులు తినే పెంకుపురుగుల కుటుంబంలో కలిపింది. చెనిక్కాయను తొలిచేది కూడా ఈ జట్టుదే, చింతకాయల్లోనూ అది బతుకుతుంది. అంటే మన వంటింట్లో ఒకటే అయిన పుచ్చు, శాస్త్రంలో రెండు దూరపు కుటుంబాలు. ఇక బియ్యం ముక్కుపురుగు, మొక్కజొన్న ముక్కుపురుగు ఎంత ఒకేలా ఉంటాయంటే, కోసి జననాంగాలు చూస్తే తప్ప నమ్మకంగా చెప్పలేరు.

అలాగని ఇంటి లెక్కను తెలివితక్కువ లెక్క అనడానికి లేదు. సీమలో జొన్నల్ని నేలలో పాతర వేసేవాళ్ళు. మూసిన పాతరలో గింజలూ పురుగులూ కలిసి ఊపిరి పీల్చుకుంటుంటే ప్రాణవాయువు తగ్గిపోతుంది, పురుగు ఊపిరాడక చస్తుంది. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెడతారు. సన్నటి మట్టి రేణువులు పురుగు ఒంటి మీది మైనపు పొరను గీరేస్తే అది ఒట్టిపోయి చస్తుంది. పాతరా, ఎర్రమట్టీ పురుగు కుటుంబం పేరు అడగవు. ఏడాది తిండి, వచ్చే కారుకు విత్తనం కాపాడుకోవాల్సిన ఇంటికి ఆ పేరుతో పని లేదు కూడా. వానలు నమ్మలేని నేలలో గింజ కోసం పురుగును చంపే మనిషికి అహింస పాఠం చెప్పే అర్హత నాకు లేదని నా ఉద్దేశం.

చిక్కు చంపడం దగ్గర కాదు, మాట దగ్గర ఉంది. పుచ్చు అనేది పురుగుకీ మన గింజకీ మధ్య ఉన్న సంబంధం పేరు. దాన్ని పురుగు స్వభావం పేరుగా మార్చుకుంటే తప్పు మొదలవుతుంది. మా ప్రోగ్రామింగ్‌లో ఒక వస్తువు ఏ క్లాసుకు చెందుతుంది, ఇప్పుడు ఏ పాత్రలో ఉంది అనేవి వేరువేరుగా రాసుకుంటాం. ఒకదాన్ని ఇంకోదానిలో కలిపి రాస్తే ప్రోగ్రాం కొన్నాళ్ళు నడుస్తుంది, తర్వాత ఎక్కడో విరుగుతుంది.

ఇక్కడ ఎక్కడ విరుగుతుందో చూడండి. పామాయిల్ చెట్లకు పరాగం చేర్చేది ఒక ముక్కుపురుగు. కామెరూన్ నుంచి దాన్ని 1981లో మలేషియాకు, 1985లో కేరళకు పనిగట్టుకుని తెచ్చారు. చెరువుల్లో గుర్రపుడెక్కను తినిపించడానికి తెచ్చినవీ ముక్కుపురుగులే. అమెరికాలో అలబామా రాష్ట్రంలో పత్తికాయను తొలిచే ముక్కుపురుగు పంటను నాశనం చేస్తే, ఎంటర్‌ప్రైజ్ అనే ఊరి రైతులు వేరుశనగకు మళ్ళి బాగుపడ్డారు. 1919లో ఆ ఊరు పురుగు పేరనే ఒక స్మారకం నిలబెట్టింది. ఆదోని మార్కెట్‌కు పత్తీ, వేరుశనగా రెండూ తోలే రైతుకు ఆ కథలోని వెటకారం వివరించక్కర్లేదు.

యూరప్‌లో ఒక ఊరు ఇంకా ముందుకు వెళ్ళింది. సవాయ్ ప్రాంతంలోని సెయింట్ జూలియన్‌లో ద్రాక్షతోటలు తింటున్న ముక్కుపురుగుల మీద 1587లో చర్చి కోర్టులో వ్యాజ్యం నడిచింది. పురుగుల తరఫునా వకీలు ఉన్నాడు. దేవుడు మనిషి కంటే ముందు వీటిని పుట్టించి, పచ్చని మొక్కల్ని తిండిగా ఇచ్చాడు కదా అని వాదన. ఊరివాళ్ళు రాజీకి వచ్చి పురుగులకు కొంత నేల ఇస్తామన్నారు, ఆ నేల పనికిరాదని వకీలు ఒప్పుకోలేదు. వినడానికి నవ్వులాటే. కానీ ఆ కోర్టు పురుగుల్ని కనీసం విచారించింది. పుట్టుకే నేరం అని తేల్చలేదు.

ఆ పని మనుషుల విషయంలో జరిగింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను, తెగలను మొత్తంగా నేరస్థులని రాసింది. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలై, ఎరుకలవారిలో అనేక కుటుంబాలు పోలీసు రిజిస్టర్లలోకెక్కాయి. సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టాయి. ఎవరో ఎక్కడో చేసిన దొంగతనాన్ని వంశవృక్షంలోకి ఎక్కించారు. నష్టం లెక్కను పుట్టుక లెక్కగా తిరగరాశారు. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది. సినిమాల్లో, మాటల్లో ఆ ఊరి పేరు ఇప్పటికీ ఎలా వినబడుతుందో తెలుగువాళ్ళకు తెలుసు.

మనిషి మారగలడు, పురుగు మారలేదు, రెండూ ఒకటెలా అవుతాయి అని అడగొచ్చు. నిజమే, ఒకటి కావు. కానీ మారలేని పురుగు విషయంలోనే ఈ ముద్ర నిలవలేదు చూడండి. సైటోఫిలస్ అన్న గ్రీకు పేరుకు అర్థం ధాన్యమంటే ఇష్టపడేది అని. ఆ పేరు పురుగు వైపు నుంచి పెట్టినట్టుంది. ఆ ఇష్టం మనదీ కాబట్టే తగాదా. తగాదా ఉన్నప్పుడు ఒకరి పక్షం వహించడం తప్పదు. ఎదుటివాడి పుట్టుకలోనే తప్పు ఉందని రాసుకోనక్కర్లేదు.

చేటలో జొన్నలు చెరిగే ఆడవాళ్ళు ఆ తేడా పాటిస్తారనిపిస్తుంది. మంచి గింజలు ఇంట్లోకి, పుచ్చు గింజలు పురుగులతో సహా కోళ్ళకు. కోళ్ళు మంచి గింజల కంటే ముందు వాటినే ఏరుకుంటాయి.