మాకు జమానతు ఎవరు?

మా అయ్యను నమ్మి అప్పిచ్చిన మొట్టమొదటి మనిషి మా ఊరి పటేలు. ఈ మాట రాయాలంటే నాకు నామోషిగానే ఉంది. కాని నిజం నిజమే. అవ్వతోటి లగ్గానికి అయ్యకు మూడు వందల రూపాయలు, రెండు బస్తాల వడ్లు ఇచ్చిండు. కాగితం లేదు, సంతకం లేదు, సాక్షి లేడు. "రేపటి సంది పనిలకు రా" అన్నడు. అంతే. అయ్య పోయిండు. పద్నాలుగేండ్లు పోయిండు.

మిత్తి నూటికి మూడు రూపాయలు. అయ్య జీతం మిత్తి కింద జమయ్యేది. అసలు అట్లనే కూసునేది. నా ఎనక పుట్టిన చెల్లె జరమొచ్చి సచ్చిపోతే ఆ ఖర్చు పోయి అసలుల కలిసింది. పటేలు లెక్క రాసిన పుస్తకం అయ్య ఎన్నడూ చూడలేదు, చూసినా చదవరాదు. మా ఊరు స్టేషన్ ఘనపూర్‌కు నాలుగు మైళ్ళు. పొద్దుగాల రైలు కూత మా వాడకు వినపడేది. ఆ కూతకే అయ్య లేచి పటేలు కొట్టంల పెండ తీయను పోయేది.

1975 అక్టోబర్‌లో వెట్టిచాకిరీ రద్దు చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది, 1976లో అది చట్టమయింది. 1977లో మన రాష్ట్రంలో వ్యవసాయ కూలీలకు, చిన్న రైతులకు, చేతివృత్తులోళ్ళకు అప్పుల నుంచి విముక్తి ఇస్తూ ఇంకో చట్టం తెచ్చారు. అంతకు చాలా ముందు 1936లోనే, నైజాం సర్కారు భగేలాల మీద, అంటే అప్పుకు కట్టుబడ్డ జీతగాళ్ళ మీద, ఒక చట్టం చేసిందని నేను వరంగల్‌లో చదువుకునేటప్పుడు తెలిసింది. మా అయ్యకు మాత్రం సంగతి పటేలు నోటనే తెలిసింది.

"సర్కారు నీ అప్పు కొట్టేసిందటరా. మంచిదే. ఇగ పో. రేపు పిల్లగానికి రోగమొస్తే ఇందిరమ్మనే పోయి అడుగు."

అయ్య ఇంటికొచ్చిండు. ఆరు నెలలు కూలి చేసిండు. ఎండాకాలం పని లేదు. అవ్వకు కడుపుల నొప్పి లేస్తే వరంగల్ ఎంజీఎంకు తీసుకపోవాలె, చేతిల పైస లేదు. అయ్య తనంతట తనే పటేలు వాకిట్లకు పోయి నిలబడ్డడు. ఎవరూ గుంజుకపోలేదు. నేను కాలేజీల ఉన్నప్పుడు ఒక మీటింగుల ఈ కత చెప్పి, దీన్నే బానిస మనస్తత్వం అంటారని ఉపన్యాసం ఇచ్చిన. చప్పట్లు కొట్టిండ్లు. ఆ చప్పట్లు ఇప్పుడు యాదికొస్తే తల వంచుకోబుద్ధయితది. అయ్యకు లేనిది ఆత్మగౌరవం కాదు, పోనీకె ఇంకో గడప. చట్టం అప్పును కొట్టేసింది గాని అక్కెరను కొట్టెయ్యలేదు గద.

ఇంకో గడప లేదా అంటే, కాగితం మీద ఉండె. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1975లో గ్రామీణ బ్యాంకులు మొదలయ్యాయి. మొదట్లో వాటి గిరి చిన్నది: సన్నకారు రైతులు, కూలీలు, చేతివృత్తులోళ్ళు, వీళ్ళకే అప్పులివ్వాలె. మా జిల్లాకు కాకతీయ గ్రామీణ బ్యాంకు వచ్చింది. 2006లో అది ఇంకో నాలుగు బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకయింది. 2025 జనవరి 1 నుంచి మన దిక్కున్న దాని శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. బోర్డులు మారినయి. బోర్డు కింద నిలబడ్డ మనిషిని అడిగే ప్రశ్న మారలేదు: "భూమెంత? జమానతు ఎవరు?"

సహకార సంఘం సంగతి దాని పేరులోనే ఉంది. వ్యవసాయ పరపతి సంఘం. పరపతి అంటే అప్పు పుట్టే యోగ్యత. పరపతి అంటే పలుకుబడి కూడా. ఈ రెంటికీ ఒకటే మాట పెట్టినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. పలుకుబడి ఉన్నోనికే అప్పు పుడతది.

1980లలో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద మా అయ్యకు ఒక బర్రె వచ్చింది. కొంత సబ్సిడీ, మిగిలింది బ్యాంకు అప్పు. బర్రెను అంగట్ల కొనిచ్చిన దళారి వేరు, కాగితాలు రాసినోడు వేరు, ఇద్దరి చేతులూ తడపాల్సి వచ్చింది. చెవికి ఇత్తడి బిళ్ళ కొట్టిండ్లు. బర్రె సస్తే ఇన్సూరెన్సు వస్తది, కాని బిళ్ళ ఉన్న చెవి చూపియ్యాలె. ఒక ఈత ఈని, రెండో వానాకాలం గొంతువాపు వచ్చి సచ్చిపోయింది.

ఊర్ల సచ్చిన పశువులనన్నీ కోసిన చెయ్యి మా అయ్యది. తన బర్రె చెవి కోసేటప్పుడు మాత్రం ఆ చెయ్యి వణికింది. చెవిని గుడ్డల చుట్టి, నన్ను ఎంట పెట్టుకొని బ్యాంకుకు తీసుకపోయిండు. నేనప్పుడు ఇంటర్. లోపలికి అడుగు పెట్టంగనే ఒక గుమస్తా ముక్కు మూసుకొని "ఏయ్, బయట, బయట!" అన్నడు. అయ్య అరుగు మీద పెట్టిండు. ఈగలు ముసిరినయి. మధ్యాహ్నం భోజనాల దాకా మేము ఆ చెవి పక్కన కూసున్నం. చివరికి ఒక సారు వచ్చి పశువుల డాక్టరు కాగితం లేదు, చెల్లదు అన్నడు. బర్రెకు మేం కట్టిన ఇన్సూరెన్సు మాకు రాలేదు. అప్పు మాత్రం ఉన్నది.

అయ్య కట్టిండు. నాలుగేండ్లు కట్టిండు. ఆఖరి కిస్తు 1989ల, మళ్ళ పటేలు దగ్గర ఒక ఏడాది జీతం ముందే తీసుకొని కట్టిండు. 1990ల దేశమంతా పది వేల దాక వ్యవసాయ అప్పుల మాఫీ. మోటరుకు తీసుకున్న అప్పు ఎన్నడూ కట్టని పటేలుకు మాఫీ అయింది. కట్టేసిన అయ్యకు మాఫీ చేయనీకె ఏమున్నది? నేను కోపంతోటి, "ఎందుకు కట్టినవే? ఎవడు కట్టమన్నడు?" అని అరిచిన. అయ్య చుట్ట ముట్టిచ్చుకొని మెల్లగ అన్నడు: "పటేలు ఎగ్గొడితే పటేలు ఎగ్గొట్టిండు అంటరు బిడ్డా. నేను ఎగ్గొడితే మాదిగోళ్ళు ఎగ్గొట్టిండ్లు అంటరు. ఎనక మన వాడ పిల్లలకు ఎవడిస్తడు?"

ఈ ఒక్క మాట దగ్గర నేను ముప్పై ఏండ్ల నుంచి ఆగి ఉన్న. అప్పు తీర్చుడు నీతి అని బడిల చెప్పిండ్లు. ఆ నీతి అందరికీ ఒకటే బరువు ఉంటదా? ఒకని బాకీ వాని ఒక్కనిదే. ఇంకొకని బాకీ వాని కులం మొత్తానిది. మా అయ్య కట్టింది బర్రె అప్పు కాదు, వాడ మీద పడబోయే పేరు. ఆ కిస్తు ఏ లెడ్జరులో రాసిండ్లు?

బ్యాంకు దిక్కు నుంచి కూడ ఆలోచించాలె. "ఏం చూసి ఇయ్యమంటరు?" అని మేనేజరు అడిగితే అది తప్పు ప్రశ్న కాదు. బ్యాంకుల ఉన్నది ప్రజల పైస. మా అవ్వ కొంగుముడి విప్పి దాచుకున్న పైస కూడ దాంట్ల ఉన్నది. అప్పును దానం చేయమని మేమెన్నడూ అడగలేదు. దానమైతే తీసుకునే చెయ్యి కిందనే ఉంటది. మేం అడిగేది, దేన్ని చూసి నమ్ముతున్నరు అని. భూమున్నోనికి భూమి మాట్లాడుతది. మా కాడ పటేలు ఒళ్ళును కుదువ పెట్టుకున్నడు. బ్యాంకు వాడ పేరును పెట్టుకున్నది. ఆ తర్వాత వచ్చినోళ్ళు ఇంకా లోపలి దాన్ని పెట్టుకున్నరు.

ఆ తర్వాత వచ్చినోళ్ళంటే గ్రూపు లోన్లోళ్ళు. దానికి ముందు ఒక సంగతి. 1975లో గ్రామీణ బ్యాంకులు పెట్టమని సిఫారసు చేసిన బృందానికీ, 1991లో ప్రాధాన్య రంగాల అప్పుల వాటాను నూటికి 40 నుంచి పదికి తగ్గించమన్న కమిటీకీ అధ్యక్షుడు ఒక్కరే, ఎం. నరసింహం. ఆయన్ని అనడం లేదు, కాలం తిరిగిన తీరు చెబుతున్న. వాటాను తగ్గించలేదు గాని గ్రామీణ బ్యాంకుల చుట్టూ గీసిన గిరిని 1990లలో చెరిపేశారు. ఖాళీ అయిన జాగల ఎవరో ఒకరు దూరుతరు గద. పొదుపు సంఘాలు మంచిగనే మొదలైనయి, మా వాడ ఆడోళ్ళు మొదటిసారి బ్యాంకుల కుర్చీల కూసున్నది వాటితోటే. ఆ సంఘాల ఎనక సూక్ష్మరుణ కంపెనీలు వచ్చినయి. భూమి అక్కెర లేదు, కాగితం అక్కెర లేదు. ఒకరికి అయిదుగురు జమానతు. ఒకరు కట్టకపోతే మిగిలినోళ్ళు కట్టాలె. బంగ్లాదేశ్‌ల గ్రామీణ బ్యాంకు నడిపించిన ముహమ్మద్ యూనస్‌కు 2006ల నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని పేపర్ల చదివి నేను కూడ సంబరపడ్డ. పేదోనికి పేదోడే పూచీ అంటే ఎంత మంచి మాట అనుకున్న.

మా వాడ గ్రూపుకు పుస్తకం రాసింది నేనే. చదువుకున్నోణ్ణి గద.

2010 వానాకాలం, మా వరుసకు వదిన అయ్యే ఒకామె నాలుగు వారాలు కిస్తు కట్టలేదు. పెనిమిటి తాపీ పని కాడ పడి కాలు ఇరిగింది. కిస్తుకొచ్చిన పిలగాడు, వాడు కూడ ఏదో వాడ పిలగాడే, "మొత్తం జమయితే గాని నేను కదల, నా నౌకరి పోతది" అని కూసున్నడు. పొద్దు గూకింది. ఆడోళ్ళకు ఇండ్లల్ల పని, పిల్లలు ఏడుస్తున్నరు. అందరు లేచి వదిన గడప మీదికి పోయిండ్లు. పుస్తకం పట్టుకొని నేనూ పోయిన. నాలుగు వారాల బాకీ గట్టిగ చదివి వినిపించింది నా గొంతే. మా అవ్వ, ఆమెతోటి కలిసి నాట్లేసిన మా అవ్వ, "మా కడుపుల కొడతవా?" అన్నది. వదిన లోపలికి పోయి రెండు ఇత్తడి బిందెలు తెచ్చి మా ముందర పెట్టింది. ఒక్క మాట అనలేదు. మూడో రోజు తాళం. రాత్రి రైలుకు పట్నం పోయిండ్లన్నరు.

అక్టోబర్ 15న సర్కారు ఆర్డినెన్స్ తెచ్చింది. వారం కిస్తులు నెలకు మార్చాలె, ఇండ్ల మీదికి పోవద్దు, పంచాయతీ ఆఫీసు కాడనే వసూలు చేయాలె అన్నది. అప్పటికే మా జిల్లాల ఎందరో ప్రాణాలు తీసుకున్నరు. కంపెనీ వసూళ్ళు ఆగినయి. మా వాడల ఎవరి మొఖం ఎవరు చూడలేక మేం మిగిలినం. పటేలు దగ్గర అయ్య జీతమున్నప్పుడు రాత్రికి మాకు ఒకరికొకరం ఉంటిమి. ఈ అప్పు దాన్నే తాకట్టు పెట్టుకున్నది.

ఇప్పుడు ఖాతా లేనోళ్ళు లేరు. 2014 ఆగస్టులో జనధన్ మొదలయినంక అవ్వకు కూడ ఖాతా వచ్చింది. ఖాతా వేరు, పరపతి వేరు. మా తమ్ముడు మూడెకరాలు కౌలుకు చేస్తడు. కౌలు నోటిమాట మీదనే, కాగితం రాసిస్తే భూమి పోతదని పట్టాదారు భయం. 2018ల రైతుబంధు ఎకరానికి నాలుగు వేల చొప్పున వచ్చినప్పుడు పట్టాదారుకే వచ్చింది, చెమట తమ్మునిది. 2011ల సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టమొకటి వచ్చింది. పట్టాను కాదు, పంటను చూసి అప్పియ్యాలన్న ఆలోచన దాంట్ల ఉండె. తెలంగాణ వచ్చినంక ఆ కార్డు మా ఊరి మొఖం చూడలేదు. పొరుగునే ఉన్న పాలకుర్తిల అయిలమ్మ కొట్లాడింది కూడ కౌలు భూమిల పండిన పంట కోసమే అని యాది చేసుకునేటోళ్ళు తక్కువ. రెండు లక్షల దాక వ్యవసాయ అప్పుకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి నియమం పెట్టింది. మంచిదే. తమ్ముడు పోతే తాకట్టు అడగలేదు, పాసుబుక్కు అడిగిండ్లు. ఎరువుల దుకాణపాయన మాత్రం ఏదీ అడగకుంట ఇచ్చిండు, పత్తి తనకే అమ్మాలని. 2019 జాతీయ నమూనా సర్వేల తెలంగాణ రైతు కుటుంబాల్లో నూటికి 91.7 అప్పుల ఉన్నయన్నరు. తమ్ముని లాంటోళ్ళ అప్పు ఏ గడప కాడ పుట్టిందో అడిగితే అసలు కత బయటపడతది.

పోయినేడు ఉప్పల్ల లేబర్ అడ్డ కాడ వదిన కనపడ్డది. తలంత నెరిసింది. నేను పక్కకు తిరిగి పోదామనుకున్న. ఆమెనే పిలిచింది. పిల్లల గురించి అడిగింది, అవ్వ పోయిన సంగతి తెలిసి కండ్ల నీళ్ళు పెట్టుకున్నది. కొంచెం సేపటికి, "అప్పుడు నా పేరు మీద ఎంత బాకీ ఉండె? పుస్తకం నీ కాడనే ఉన్నది గద" అన్నది. లేదు వదినా, అదంతా అప్పుడే పోయింది, కంపెనీనే లేదు అన్న. "కంపెనీకి కాదు. నా బదులు కట్టినోళ్ళకు" అని కొంగుముడి విప్పబోయింది. ఇంతల మేస్త్రీ కేకేసిండు. తట్ట నెత్తిన పెట్టుకొని ఆటో ఎక్కింది.

పుస్తకం మా ఇంట్ల దూలం మీద ఉన్నది. బిందెలు ఎవరింట్ల ఉన్నయో నాకు తెలుసు.