చిన్ననాటి దుఃఖమును ఇప్పుడు త్రవ్వుట న్యాయమా?



మన తెలుగు కుటుంబములలో తరచుగా వినబడు మాట ఒకటి గలదు: "ఎప్పుడో చిన్నప్పుడు జరిగినది, ఇప్పుడెందుకు తవ్వుకోవడం?" నలుబది, యేబది ఏండ్ల వయస్సుగలవారు తమ చిన్నతనములో పోయిన తల్లిని గూర్చియో, తిన్న దెబ్బలను గూర్చియో చెప్పుకొనుటకు మానసిక వైద్యుని యొద్దకు వెళ్ళుచున్నారని తెలిసినప్పుడు ఈ మాట అందుము. దీని వెనుక ఒక నీతి ప్రశ్న ఉన్నది. మనలను పెంచి పెద్దచేసిన వారి లోపములను పరాయివాని యెదుట చెప్పుట వారికి ద్రోహము కాదా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయక ఆలోచింతము.

వలస వచ్చిన మనవంటివారి ఇండ్లలో ఇట్టి దుఃఖము ఎట్లు కలుగునో చూడుడి. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో పనిచేయుచు ఒక తండ్రి చనిపోయెననుకొందము. తల్లి కూలికి పోవలసి వచ్చినది. ఆరేండ్ల కొడుకును స్వగ్రామములోని అమ్మమ్మ యొద్దకు పంపిరి. "నాన్న ఊరికి వెళ్ళినాడు" అని చెప్పిరి. చివరి చూపు చూడనియ్యలేదు. ఒక్క వారములోనే ఆ బిడ్డ తండ్రిని, తల్లిని, ఇంటిని, బడిని, కన్నడములో కేకలువేసి ఆడుకొన్న నేస్తములను పోగొట్టుకొనెను. కొన్నాళ్ళు ఏడ్చి ఊరకుండెను. "పిల్లవాడు మరచిపోయినాడు" అని పెద్దలు ఊపిరి పీల్చుకొనిరి.

మరచిపోయెనా? ఈ సంగతిని ఇంగ్లాండులో శ్రద్ధగా పరిశీలించిరి. ఆ రోజులలో అక్కడి ఆసుపత్రులలో చేర్చిన చిన్నబిడ్డలను చూచుటకు తల్లిదండ్రులను అరుదుగా మాత్రమే రానిచ్చెడివారు. ఏడ్పు మానిన బిడ్డ కుదుటపడినదని తలంచెడివారు. జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, ఎనిమిది దినములు ఆసుపత్రిలో నున్న రెండేండ్ల పాపను చలనచిత్రముగా తీసి చూపెను. ఆ పాప పెద్దగా ఏడ్వలేదు, ఏడ్పును బిగబట్టుకొన్నది. మొదట ఏడ్చి పెనుగులాడుట, తరువాత నిరాశ, ఆ తరువాత తల్లి వచ్చినను పట్టనట్లుండుట అను మూడు మెట్లను ఆయనయు, డాక్టర్ జాన్ బౌల్బీయు వివరించిరి. తల్లిదండ్రులను ధారాళముగా రానియ్యవలెనని 1959లో ప్లాట్ కమిటీ నివేదిక సిఫారసు చేసెను.

ఊరకున్న బిడ్డ ఓదార్పు పొందిన బిడ్డ కానక్కరలేదని దీనివలన తెలియుచున్నది. మన కోలారు బిడ్డ పెద్దవాడై, తన కూతురికి కొంచెము జ్వరము వచ్చినను రాత్రంతా గుండె దడతో కూర్చుండవచ్చును. భార్య రెండు దినములు పుట్టింటికి వెళ్ళిన కోపపడవచ్చును. చావు ఇంటి గడప తొక్కకపోవచ్చును. ఇది ఏ నాటి దుఃఖమో అతనికే తెలియకపోవచ్చును.

ఇట్టివారికి చికిత్సలో ఏమి జరుగును? అమెరికా వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన గ్రంథములో మూడు దశలను చెప్పినది. మొదటిది క్షేమము: నిద్ర, ఆహారము, భయములేని ఇల్లు. రెండవది జ్ఞాపకము, అంగలార్పు: జరిగినదానిని భరించగలిగినంత మేరకు కొద్దికొద్దిగా చెప్పి, పోయినదాని కొరకు ఏడ్చుట. మూడవది మరల మనుష్యులతోను పనులతోను కలిసి బ్రతుకుట. మంచి సలహాదారుడు తొందరపెట్టడు. లేని జ్ఞాపకములను నోట పెట్టడు.

ఎడతెగని దుఃఖముతో బాధపడు పెద్దవారికి, దాని నిమిత్తమే ఏర్పరచిన 16 సమావేశముల చికిత్సను గూర్చి కేథరిన్ షియర్ మొదలగువారు 2005లో ఒక పరిశోధనను ప్రచురించిరి. పోయినవారితో మాటలాడినట్లు ఊహించుకొని, చెప్పలేకపోయిన మాటలు చెప్పుకొనుట అందులో ఒక భాగము. ఈ చికిత్స పొందినవారిలో నూటికి 51 మందికి, మరియొక విధమైన మాటల చికిత్స పొందినవారిలో నూటికి 28 మందికి మేలు కలిగెను. అందరికి కలుగలేదు గనుక దీనిని మంత్రముగా ఎంచరాదు. వట్టి కబుర్లని కొట్టివేయనురాదు.

ఇక ద్రోహమను ప్రశ్న. చికిత్స గది పంచాయితీ కాదు. అక్కడ తీర్పు లేదు, తప్పు కట్టుట లేదు. "నాన్న ఊరికి వెళ్ళినాడు" అని చెప్పిన అమ్మమ్మ కనికరముతోనే చెప్పినది. ఆమె కనికరము నిజము. వాకిట్లో కూర్చుండి రాని నాన్న కొరకు ఎదురుచూచిన బిడ్డ గాయమును నిజమే. ఈ రెండును కలిపి చెప్పగలిగినవాడు అమ్మమ్మను అవమానపరచలేదు. ఆమెను ఇప్పుడే సరిగా ఎరిగినాడు.

అయితే బిడ్డలను హింసించిన పెద్దల సంగతి వేరు. బాధపడినవారిని "క్షమించి మరచిపో" అని తొందరపెట్టుట మరల వారి నోరు మూయుటయే. క్షమాపణ వారు ఇయ్యదగినది గాని మనము వసూలు చేయదగినది కాదు. నేడు ఏ బిడ్డపైనైనను లైంగిక హింస జరిగినట్లు తెలిసినవారు 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలియజేయవలెను. ఇంటి పరువని దాచరాదు.

ప్రార్థన ఉండగా వైద్యుడెందుకని కొందరు అడుగుదురు. చేయి విరిగినవాడు కట్టు కట్టించుకొనుట అవిశ్వాసమని మనలో ఎవరును అనరు గదా.

మరియొక చిక్కు భాష. కన్నడములోనో, మరాఠీలోనో, ఒడియాలోనో మనము ఉద్యోగములు చేయగలము, బేరమాడగలము. కాని అమ్మ పోయిన నాటి మాటలు మన లోపల తెలుగులోనే యున్నవి. కావున వీలైనంతవరకు తెలుగు తెలిసిన సలహాదారుని వెదకుట మంచిది. బెంగుళూరులోని నిమ్హాన్స్ ముఖ్య కేంద్రముగా 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేసి, రాత్రియైనను పగలైనను తెలుగులో మాటలాడవచ్చును.

కాబట్టి మనము రెండు పనులు చేయుదము. మరణము జరిగిన ఇంట బిడ్డలకు నిజము చెప్పుదము: "నాన్న చనిపోయినాడు, ఇక రాడు. నిన్ను మేము చూసుకుంటాము." వారు కోరినయెడల చివరి చూపు చూడనిత్తము, ఏడ్వనిత్తము. రెండవది, పెద్దతనములో సహాయము కోరువారిని పిచ్చివారని నవ్వక, తోడుగా వెళ్ళి వెలుపలి బల్లమీద కూర్చుందము. తిరిగి వచ్చునప్పుడు లోపల ఏమి చెప్పిరని అడుగక, కలిసి ఇంటికి నడుతము.