దుర్యోధనుడి విందు స్వామి ఎందుకు వద్దన్నాడు?

శ్రీకృష్ణ రాయబారం మీద ప్రవచనం అయ్యాక ఒక తల్లి నన్ను అడిగారు: "గురువుగారూ, యుద్ధం ఆగదని స్వామికి తెలుసు కదండీ, మరి హస్తినకు ఎందుకు వెళ్ళినట్టు?" చాలా మంచి ప్రశ్న. ఈ రోజుల్లో అందరూ ఆలోచించాల్సిన ప్రశ్న కూడా.

స్వామి హస్తినలో అడుగుపెట్టగానే దుర్యోధనుడు విందుకు పిలిచాడు. స్వామి వద్దన్నాడు. దూత వచ్చిన పని నెరవేరాకే భోజనం చేస్తాడు అన్నాడు. చూడండి, సంధి చెయ్యడానికి వెళ్ళినవాడు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే నోరు కట్టుబడిపోతుంది. అందుకే విదురుడి ఇంటికి వెళ్ళి భోంచేశాడు.

ఆ రాత్రి విదురుడూ ఆ తల్లి అడిగిన మాటే అన్నాడు. "వాళ్ళు వినరు స్వామీ, నువ్వు ఆ సభకు వెళ్ళడం నాకు ఇష్టం లేదు" అని. దానికి స్వామి చెప్పినదాని సారం ఇది: శక్తి కొద్దీ ధర్మకార్యానికి ప్రయత్నించినవాడికి, పని కాకపోయినా పుణ్యం దక్కుతుంది. అయినవాళ్ళు కొట్టుకుంటుంటే ఆపడానికి ప్రయత్నించనివాడు మిత్రుడే కాదు. ఆపగలిగి ఉండి కూడా కృష్ణుడు ఊరుకున్నాడని రేపు లోకం అనకూడదు.

మర్నాడు సభలో ధృతరాష్ట్రుడితో ఏమన్నాడు? నీ కొడుకుల్ని నువ్వు అదుపు చెయ్యి, పాండవుల్ని నేను అదుపు చేస్తాను అన్నాడు. అంటే తన వైపు వాళ్ళ పూచీ తానే తీసుకున్నాడు.

"అది ద్వాపరయుగం, ఇప్పుడు ఇవన్నీ కుదురుతాయా?" అంటారేమో. కుదిరిన చోటు ఒకటి చెబుతాను. ఆఫ్రికాలో మొజాంబిక్ అనే దేశం ఉంది. 1975లో స్వాతంత్ర్యం వచ్చింది. రెండేళ్ళకే అంతర్యుద్ధం. ప్రభుత్వాన్ని నడిపే ఫ్రెలిమో ఒక పక్క, తిరుగుబాటుదారులు రెనామో ఇంకో పక్క. యుద్ధానికి, దానితో వచ్చిన కరువుకు సుమారు పది లక్షల మంది బలైపోయారు.

వాళ్ళని కూర్చోబెట్టింది ఏ పెద్ద సైన్యమూ కాదు. రోమ్ నగరంలో పేదలకు సేవ చేసుకునే సాంట్ ఎజిడియో అనే క్రైస్తవ భక్తుల సమాజం. వాళ్ళలో ఇద్దరు, మొజాంబిక్‌లోని బైరా నగర ఆర్చిబిషప్, ఇటలీ ప్రభుత్వం తరఫున ఒకాయన కలిసి మధ్యవర్తులయ్యారు. 1990 జూలైలో మొదటిసారి కూర్చున్నప్పుడు రెండు పక్షాలూ ఒక్క మాట ఒప్పుకున్నాయి: మనమంతా ఒకే పెద్ద మొజాంబిక్ కుటుంబం అని. చంపుకుంటున్నవాళ్ళు ఆ మాట అనడం చిన్న విషయమా!

అయినా యుద్ధం వెంటనే ఆగలేదు. ఇక్కడ చర్చలు, అక్కడ చావులు. ఇరవై ఏడు నెలలు ఓపిక పట్టారు. 1992 అక్టోబర్ 4న రోమ్‌లో అధ్యక్షుడు చిస్సానో, రెనామో నాయకుడు ధ్లకామా సంతకాలు చేశారు. 1994లో ఎన్నికలు జరిగాయి. 2013లో మళ్ళీ ఘర్షణలు వచ్చాయి, 2019లో మళ్ళీ ఒప్పందం చేసుకున్నారు. శాంతి ఒకసారి వెలిగించి వదిలేసే దీపం కాదు, నూనె పోస్తూనే ఉండాలి.

అక్కడ ఫలించింది, హస్తినలో ఫలించలేదు. రెండు చోట్లా ప్రయత్నం ధర్మమే. ఫలం మన చేతిలో లేదు, వెళ్ళడం మాత్రం మన చేతిలోనే ఉంది.

యుద్ధాలు జరిగే దేశాలకు మనం వెళ్ళలేం. కానీ ఫలానా దేశం నాశనమైపోవాలి అనే మెసేజ్ ఫోన్‌లోకి వస్తే, దాన్ని ఇంకొకరికి పంపకుండా ఆపగలం. మీ ఇంట్లోనే గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములు ఉంటారు. ఈ వారం ఇద్దరి దగ్గరికీ వెళ్ళండి. ఇక్కడి మాట అక్కడ మోయకండి. ఇద్దరి బాధా పూర్తిగా వినండి. వినకపోతే మళ్ళీ వెళ్ళండి. ఆ వెళ్ళడమే మీ పూజ అనుకోండి.

శ్రీకృష్ణార్పణమస్తు. స్వస్తి.