వృత్తి: ఏమియు లేదు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 20:8–11, యెషయా 46:3–4, లూకా 10:38–42



మన సంఘములలో వృద్ధురాలొకతె ప్రభువునందు నిద్రించినప్పుడు సమాధియొద్ద వాడుకగా చెప్పు మాట ఒకటి కలదు. “ఈ తల్లి బ్రదికినన్నాళ్లు ఒక్క పూటయైనను ఊరక కూర్చుండి యెరుగదు” అందుము. నేనును చాలమారులు అంటిని. కుమారులు తలలూపుదురు, కోడండ్రు కన్నులొత్తుకొందురు. అది ఆమెకు మెప్పా, లేక ఆమె చేతి అన్నము తిన్న మనమీద నేరారోపణయా? కొంతకాలముగా ఈ ప్రశ్న నన్ను వదలుట లేదు.

దృష్టాంతముగా ఒక దూరదేశపు స్త్రీని తీసికొందును. ఆమె మనకు బొత్తిగా పరాయిది కాదు. 1899లో అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘములు హైదరాబాదు సంస్థానములోని తెలుగువారి మధ్యకు తమ మిషనెరీలను పంపిరి. నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ ప్రాంతముల సంఘములును, జడ్చర్ల ఆసుపత్రియు ఆ సేవయొక్క ఫలమే. పంపినవారు గొప్ప ధనికులు కారు. కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా రాష్ట్రముల రైతులు. ఆ దేశపు నడిమి భాగము, చెట్టు అరుదుగా, కనుచూపుమేర గడ్డియే గల మైదానము. దానిని ప్రెయిరీ అందురు.

ఆ రైతులలో అనేకులు 1874 మొదలుకొని రష్యా సామ్రాజ్యపు దక్షిణ భాగమునుండి, అనగా నేటి ఉక్రెయిన్ దేశమునుండి, వలస వచ్చినవారు. ఆయుధము పట్టుట వారి విశ్వాసమునకు విరుద్ధము. అక్కడ నిర్బంధ సైనికసేవ వచ్చుటచేత ఇండ్లు పొలములు అమ్ముకొని ఓడలెక్కిరి. ఆ యేట ఎనిమిదేండ్ల పిల్లగా కాన్సాసులో దిగిన ఒకతెను ఊహించుకొందము. ఆమెకు పేరు పెట్టను, అట్టివారు అనేకులు.

పెద్దలు విత్తన గోధుమలు వెంట తెచ్చిరి. చలికాలమునకు ముందు విత్తు ఎఱ్ఱగోధుమ అది. టర్కీ రెడ్ అని పేరు. మంచి గింజలను ఒక్కొక్కటిగా పిల్లలచేత ఏరించిరని ఆ యిండ్లలో కథగా చెప్పుకొందురు. ఆ 1874లోనే కాన్సాసుమీద మిడుతలు మేఘమువలె దిగి, పైరు తిని, తోలు పట్టెడలను సైతము కొరికినవి. యోవేలు గ్రంథము చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. కట్టెలు దొరకని దేశము గనుక, పేడను గడ్డితో కలిపి ఇటుకలుగా కోసి, ఎండబెట్టి పొయ్యిలో కాల్చెడివారు. పిడకలు చేసిన చేతులు మన తల్లులకు మాత్రమే ఉన్నవని అనుకొనకుడి.

పెండ్లియైన తరువాత ఆమె దినము తెల్లవారకముందే మొదలగును. పాలు పిదుకుట, వెన్న చిలుకుట, నీళ్లు మోయుట, కోళ్లు, కూరతోట, ఉతుకుడు. కోతకాలమందు నూర్పు యంత్రము వెంట వచ్చిన పదిహేను ఇరువదిమందికి మూడు పూటల వంట. 1935 నాటికిని అమెరికా పొలముల యిండ్లలో పదింట తొమ్మిదింటికి విద్యుత్తు లేదు గనుక ఇదంతయు నూనె దీపముతోనే. గ్రుడ్లు అమ్మిన డబ్బు మాత్రము ఆమె చేతిది. ఆదివారము పెట్టిన గ్రుడ్ల వెలను మిషను పనికి ప్రత్యేకించుట ఆ దేశపు కొన్ని పల్లె సంఘములలో వాడుక. స్త్రీల కుట్టు సంఘములు బొంతలు కుట్టి, వేలమువేసి, ఆ సొమ్మును సేవకు పంపెడివి. మనకు సువార్త తెచ్చిన ఓడ టిక్కెట్టులో ఎవరి కోళ్ల వంతు ఎంతయో! తలంచినప్పుడు మొదట నవ్వు వచ్చును, పిమ్మట నోట మాట రాదు.

ఇప్పుడు 1910కి రండి. ఆ యేట అమెరికాలో జనాభా లెక్క తీసిరి. లెక్క వ్రాయువారికి ఇచ్చిన సూచన ఏమనగా, పొలములో క్రమముగా పాటుపడు స్త్రీని కూలిగా వ్రాయవచ్చును. జీతము లేక తన యింటి పని మాత్రమే చేయుదానికి వృత్తి గడిలో “ఏమియు లేదు” అని వ్రాయవలెను. వంట, ఉతుకుడు, బిడ్డల పెంపకము వృత్తి కావు. అదే పుటలో మరి రెండు గడులు కలవు: ఎందరు బిడ్డలను కన్నది, వారిలో ఎందరు బ్రదికియున్నారు. తొమ్మండుగురు, ఆరుగురు అనుకొందము. నలుబది నాలుగేండ్ల ఆ తల్లి గుమ్మమున నిలిచి, చేతి పిండి తుడుచుకొనుచు, అడిగినదానికి జవాబు చెప్పెను. మూడు చిన్న సమాధులు ఆ రెండంకెల నడుమ ఉన్నవి. వాటికి కొంచెము అవతల, అదే వరుసలో, “ఏమియు లేదు.” మన దేశపు లెక్కలలోను ఇంటిపని మాత్రమే చేయు స్త్రీ పనివారిలో చేరదు సుమీ.

అది అన్యాయమని మనమందరము వెంటనే ఒప్పుకొందుము. అంత సులువుగా ఒప్పుకొనుటయే నాకు అనుమానము కలిగించుచున్నది. లెక్క వ్రాసినవాడు ఆమె పనిని చూడలేదు. సమాధియొద్ద మాటలాడు మనము పనిని తప్ప మరేమియు చూడము.

1935 ఏప్రిల్ 14, మట్టల ఆదివారము. కొన్నేండ్ల కరవుచేత దున్నిన నేల పొడియై లేచుచుండెను. ఆనాటి మధ్యాహ్నము పడమటి కాన్సాసుమీదికి నల్లని గోడవలె ధూళి వచ్చి పగటిని రాత్రి చేసెను. లోకాంతమే వచ్చెనని మోకరించినవారు అనేకులు. ఆ యేండ్లలో కిటికీలకు తడిగుడ్డలు కట్టుటయు, భోజనవేళవరకు పళ్లెములు బోర్లించుటయు అక్కడి స్త్రీలకు అలవాటాయెను. మన అవ్వకు అప్పటికి అరువది తొమ్మిదేండ్లు. కుమారుని యింట ఉండి, ఊడ్చినచోటనే మరల ఊడ్చుచుండును. ఊడ్చుట చాలించినయెడల తానెవరో ఆమెకు తెలియదేమో అని నా భయము.

మా పల్లెలోను ఒక అవ్వ నడుము పడిపోయి మంచములోనున్నది. “చేతులు పనికి రావు అయ్యగారూ, దేవుడు నన్నింకా ఎందుకుంచినాడు?” అని అడిగెను. “నీవు చేసిన పని అంతా దేవునికి జ్ఞాపకమున్నది, అవ్వా” అంటిని. ఆమె గోడవైపు తిరిగెను. పనిలేక ఏడ్చుచున్నదానికి మరల పనినే చూపితినని ఇంటికి నడచుచు గ్రహించితిని. మరునాడు పోయి యెషయా 46 చదివితిని. తల నెరయువరకు తన ప్రజలను ఎత్తుకొనువాడను తానే అని దేవుడు అక్కడ చెప్పుచున్నాడు. ఎత్తబడుటకు చంటిబిడ్డ ఏ పని చేయును? ఆమె ఏమియు అనలేదు గాని, ఈసారి ముఖము త్రిప్పుకొనలేదు.

విశ్రాంతిదినపు ఆజ్ఞను మరల చదువుడి. నీవు, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, పరదేశి—అందరును అందులో ఉన్నారు. భార్య పేరు లేదు. ఆమె ‘నీవు’ అను మాటలోనే ఉన్నది గనుక వేరుగా చెప్పలేదని నా గ్రహింపు. అయితే మన యిండ్లలో ఆదివారము జరుగునది చూచినవాడు, ఆమెను దేవుడే మినహాయించెననుకొనును. గుడినుండి వచ్చి మనము నడుము వాల్చుదుము. ఆమె పొయ్యి రాజబెట్టును. మార్తను గూర్చి ప్రసంగించి, పిమ్మట మార్తలు వండిన కోడికూరకు కూర్చుండు బోధకులలో నేనొకడను. యేసు మార్తను పేరుపెట్టి రెండుమారులు పిలిచెను. ఆమె వంట బాగున్నదో లేదో ఆయన చెప్పినట్లు వ్రాయబడలేదు. ఆమె తన దగ్గర కూర్చుండవలెనని ఆయన కోరెను.

ఇంతవరకు ఆదివారము మధ్యాహ్నము వ్రాసి, మా యింటివారిని పిలిచి చదివి వినిపించితిని. ఆమె కడవరకు విని, “బాగున్నది. అయితే ఆ అంట్లు మీరు తోమండి” అని చాపమీద పండుకొనెను. తోమితిని. అన్నపు గిన్నె అడుగు మాడినది మాత్రము ఇంకను వదలలేదు, నానబెట్టితిని.