త్రోయలో విడిచిన పుస్తకములు

ధ్యానభాగము: 2 తిమోతి 4:9-21



మన జంపనిలో ఒక యౌవనస్థుడు ఇంటరు ముగించి, వెంటనే వాక్యసేవకు బయలుదేరెదననుచున్నాడు. ముందు వేదాంత కళాశాలకు పొమ్మంటిని. అతని తండ్రి నవ్వి, “పేతురు ఏ కాలేజీలో చదివాడండీ, అయ్యగారూ?” అనెను. మంచి ప్రశ్నయే. ఆ రాత్రి చాలసేపు నిద్ర పట్టలేదు.

పేతురు యోహానులు చదువుకొననివారని యెరూషలేము పెద్దలు ఆశ్చర్యపడిరి. అయితే వారు యేసుతో ఉండినవారని గుర్తెరిగిరనియు అక్కడనే యున్నది (అపొ. 4:13). ఆయన వెంట నడచి, తెలియనిది అడిగి, గద్దింపబడి, మరల నేర్చుకొనిన ఆ కాలమును బడి అనక ఏమందుము? ఇక పౌలు గమలీయేలు శిష్యుడు. చెరలో మరణమునకు ఎదురుచూచుచు, చలికాలమునకు ముందే రమ్మని తిమోతికి వ్రాసి, త్రోయలో కర్పునొద్ద విడిచిన అంగీని, పుస్తకములను తెప్పించుకొన గోరెను. చలికి అంగీ అడుగుట మనకర్థమగును. చావబోవువానికి పుస్తకములెందుకు?

నా సంగతి చెప్పెదను. సెమినరీనుండి వచ్చిన క్రొత్తలో ఒక క్రిస్మసు ఆరాధనలో గ్రీకు మాటలే అరగంట వివరించితిని. గుమ్మమునొద్ద ఒక అవ్వ నా చేయి పట్టుకొని, “బాగా చదివారయ్యగారూ! మా మనవడికి జ్వరం, ప్రార్థనకెప్పుడొస్తారు?” అనెను. సిగ్గుపడితిని. వరికోతకు ముందు మినుములు చల్లువాడు నేలలో పదును చూచును గదా, నేను చూడలేదు.

అయితే మరియొక దినము అదే చదువు పనికివచ్చెను. ఊరికి వచ్చిన బోధకుడొకడు యాకోబు 5:14 చూపి, నూనె రాసి ప్రార్థించిన తరువాత మాత్ర మింగుట అవిశ్వాసమని చెప్పగా, మన సంఘములోని ఒక తల్లి షుగరు మాత్రలు మానివేసెను. పది దినములకే మంచమెక్కెను. నా పాత నోటుపుస్తకము తీసికొని ఆమెయొద్ద కూర్చుంటిని. ఆ కాలమున నూనె మందుగా కూడ వాడిరనియు, మంచి సమరయుడు గాయములపై నూనెయు ద్రాక్షారసమును పోసెననియు (లూకా 10:34), యాకోబు మందు మానమని ఎక్కడను చెప్పలేదనియు చూపితిని. ఆమె చాలసేపు ఊరకుండి, మాత్రల డబ్బా తెమ్మని కోడలితో చెప్పెను. ఆ బోధకునికి ఆసక్తి లేకపోలేదు. నాకంటె ఎక్కువయే యుండవచ్చును.

చెప్పులు కుట్టిన విలియం కేరీ 1793లో బెంగాలుకు వచ్చి, ఎన్నో భాషలు నేర్చి, 1814లో మన తెలుగునకు వ్యాకరణము ప్రచురించెను. మన పెద్దలును 1964లో, మిషను భేదములు ప్రక్కనపెట్టి, రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను స్థాపించిరి. తరువాత అది హైదరాబాదునకు మారెను. పిలుపు ఇచ్చునది కళాశాల కాదని వారెరుగుదురు.

ఈ సంగతులన్నియు ఆ తండ్రితో చెప్పితిని. ఆయన అవుననలేదు, కాదనలేదు. కట్నములు, ఫీజులు ఎంతగునని మాత్రము అడిగెను. కోతల పండుగ కానుకలలో కొంత ఆ పిల్లవాని పుస్తకములకు తీయవచ్చునేమో, సంఘపెద్దలు ఆలోచింపవలెను. మొన్న ఆదివారము సాయంకాలము ఆ కుర్రవాడు ఒక్కడే పాస్టరు బంగళాకు వచ్చి, ఆ నోటుపుస్తకము ఒకసారి చూడవచ్చునా అని అడిగెను.