సంశయమునకు గుడి

మతమును శంకించినవాని మాటకు శత్రువులవలనకంటె భక్తులవలననే యెక్కువ కీడు గలుగును. పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదై, 2016 నుండి సూర్యాపేట జిల్లాలో చేరిన ఫణిగిరి యిందుకు సాక్షి. అచ్చటి కొండపై స్తూపవిహారములును, బుద్ధపాదములు చెక్కిన ఫలకములును బయల్పడినవి. పెద్దలు చెప్పిరనియు, గ్రంథమందున్నదనియు మాత్రమే దేనిని నమ్మవలదని కాలాములకు బోధించినవాని పాదములకే జనులు మ్రొక్కిరి! కృతజ్ఞత తప్పు గాదు. ఆలోచింపవలసినచోట నమస్కరించి యూరకుండుటయే తప్పు.

వేమనకును ఇదియే గతి. రాతిపూజను పరిహసించిన యాతని కథను 1947లో కె.వి. రెడ్డిగారు 'యోగి వేమన' చిత్రముగా దీసిరి. నాగయ్యగారి నటనకు చేతులు మోడ్చుట సులభము. వేమన ప్రశ్నను మన యింటి గడప దాటనిచ్చుట కష్టము.

మరి సంశయవాది యేమి చేయవలయును? కృష్ణాతీరమున కొండకును సాగరమునకును పేరైన నాగార్జునుని 'విగ్రహవ్యావర్తని' చూడుడు. సర్వము శూన్యమైనచో నీ మాటయు శూన్యమేకదా యని ప్రతివాది యడుగగా, నాకు ప్రతిజ్ఞయే లేదని యాతడు బదులు చెప్పెను. అనగా, తన మాటను సైతము పీఠ మెక్కింపలేదు.

నాస్తికుని వాక్యమైనను, హేతువు చూపక పిల్లలచేత వల్లింపజేసినచో మంత్రమే యగును. కావున ఇంట గాని బడిలో గాని బాలుడు 'ఏల?' యని యడిగినప్పుడు, వేదము పేరనో వేమన పేరనో వాని నోరు మూయింపక కారణము చెప్పుదము, తెలియనిచో తెలియదందము. గుడి కట్టుటకంటె నిది కష్టతరము.